కుడి నుంచి వచ్చిన రైలు

ఓడలో కరెంటు చూసుకునే మా ఫ్యూజు తల్లికి, కాళ్ళు నేలమీద ఆనకుండా తిరుగుతున్న మీ నాన్న దీవించి రాసేది.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. ఊరికే మాటవరసకు రాసే కులాసా కాదు తల్లీ, పరీక్ష చేయించుకుని మరీ తెలుసుకున్న కులాసా. అక్కడ నువ్వూ, నీ జనరేటర్లూ, మీ ఓడ కెప్టెనుగారూ అంతా క్షేమమని తలుస్తాను. రేవు రాగానే ఈ ఉత్తరం నీ చేతికి అందాలి. ఫోనులో చెప్పాలంటే నీ మాట సగం సముద్రం మింగేస్తుంది, మిగతా సగం నా మొద్దు చెవి మింగేస్తుంది.

ఒక పెద్ద సంతోషం చెప్పాలి. కలం పట్టిన దగ్గరనుంచీ అదే ముందుకు తోసుకొస్తోంది. పక్కనే కూర్చుని వింటున్న మీ అమ్మ మాత్రం, "వరసలో చెప్పండి. తోక ముందు చెప్పి తల తర్వాత చెబితే అది అక్కడ నడిసముద్రంలో కంగారు పడుతుంది" అంటోంది. అందుకని ముందు నువ్వు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. చివరి ప్రశ్న ఒక్కటి మాత్రం చివరికే ఉంచుతాను. ఎందుకో అక్కడికి వచ్చాక నీకే తెలుస్తుంది.

టీవీకీ, నువ్వు పంపిన స్పీకర్ల సెట్టులోని రిసీవరు పెట్టెకీ మధ్య వెళ్ళే వైరు టీవీ వెనక ఏ రంధ్రంలో పెట్టావని అడిగావు. ఏ.ఆర్.సి. అని రాసి ఉన్నదాన్లోనే పెట్టాను. మొదట దాని పక్కదాన్లో పెట్టాను. బొమ్మ వచ్చింది గానీ, టీవీలో వార్తలు పెడితే మాట రిసీవరుకు రాలేదు. బొమ్మ వెళ్ళిన దారిలోనే మాట వెనక్కి తిరిగి రావాలంటే ఆ ఒక్క రంధ్రమే పనికొస్తుందని నీ ఉత్తరం మళ్ళీ చదివితే అర్థమైంది. అసలు ఆ పెట్టె వెనక వైపు చూస్తే నాకు తేనెపట్టు చూసినట్టయింది. ఇన్ని కన్నాలా? రేడియోకొకటి, పాత రికార్డు ప్లేయరుకొకటి, గేమ్ పెట్టెకొకటి. ఇన్ని కన్నాలున్న పెట్టె చేసినవాడు రాత్రి ఎలా నిద్రపోయాడో!

స్పీకర్ల వెనక ఓములు ఎన్ని ఉన్నాయని అడిగావు. అన్నిటికీ ఎనిమిదే. రాగి పోగులు బయటికి రాకుండా మెలిపెట్టావా అని అడిగావు. మీసం మెలేసినట్టు మెలేశాను. అయినా ఒక పోగు తప్పించుకుని ఎర్ర కొక్కెం నుంచి నల్ల కొక్కేన్ని తాకింది. సెట్టు టక్కున దానంతటదే ఆగిపోయింది. కూతురు కష్టపడి పంపిన వస్తువును మొదటి రోజే కాల్చేశానని నేను చెమటలు కక్కుతుంటే మీ అమ్మ, "కూతురిది ఫ్యూజు పేరు, తండ్రిది ఫ్యూజు పని" అంది. నీ చిన్నప్పుడు ప్లగ్గులో జడపిన్ను పెట్టి మేడంతా చీకటి చేశావు చూడు, ఆ రోజు నుంచీ మీ అమ్మ దగ్గర ఈ మాట సిద్ధంగా ఉందనుకుంటాను. పోగు సరిచేసి మళ్ళీ నొక్కితే వెలిగింది. తనను తాను కాపాడుకునే తెలివి దానికి పెట్టారని నువ్వు ముందే రాశావు గానీ, భయంలో ఎవరికి గుర్తుంటుంది?

ఉరుముల్లాంటి బరువు చప్పుళ్ళు పలికే ఆ సబ్ ఊఫరు పెట్టెను మూలన పెట్టవద్దన్నావు. పెట్టాను. సినిమాలో ఉరుము ఉరిమింది, కింది వాటా డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు.

"పెద్దాయనా, పైన పిండిమర గానీ పెట్టారా?"

"లేదు బాబూ, వాన పడుతోంది."

"ఎక్కడ?"

"టీవీలో."

అతను కాసేపు నిలబడి, సోఫా చివర కూర్చుని, ఆ వాన ఆగేదాకా చూసి వెళ్ళాడు. మర్నాడు దాన్ని మూల నుంచి జరిపి, వెనకున్న మర తిప్పి చప్పుడును సగానికి తగ్గించాను. ఇప్పుడు మా ఇంట్లో వాన మా ఇంట్లోనే పడుతోంది.

మైకు పరీక్ష చేశావా అని అడిగావు. చేశాను. మీ అమ్మ కుర్చీలో, ఆమె తల ఎత్తున, దిండ్లు పేర్చి దాని మీద చిన్న మైకును నిలబెట్టాను. గదిలో ఎవరూ ఉండకూడదు, చప్పుడు కాకూడదు అని రాశావు కదా, ఇద్దరం బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి వరండాలో నిలబడ్డాం. లోపల సెట్టు ఒక్కో స్పీకరు నుంచీ బుస్సుమని శబ్దం చేసుకుంటూ, ఎవరెంత దూరంలో ఉన్నారో కొలుచుకుంటోంది. మేం ఊపిరి బిగబట్టాం. అప్పుడే డ్రైవరు పైకి వస్తూ మమ్మల్ని చూసి, "ఏమైంది, లోపల పామా?" అని గుసగుసగా అడిగాడు. మీ అమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు కూడా మైకు కొలిచేసిందేమో తెలియదు.

నువ్వు ముఖ్యంగా చెప్పిన మధ్య స్పీకరు సంగతి. రిమోటులో మాటల మట్టం ఒక మెట్టు పెంచమన్నావు, పెంచాను. మీ అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విని, "ఇన్నాళ్ళూ వీళ్ళంతా బావిలోంచి మాట్లాడారు. ఇవాళ పైకి వచ్చి ఎదురుగా కూర్చున్నారు" అంది. తల్లీ, ఆ మాటకు నీ రెండు చేతులూ కళ్ళకద్దుకోవాలనిపించింది. వంటగదిలో వేరే స్పీకర్లు పెట్టుకోవడానికి సెట్టు వెనక చోటుందే, దాన్ని ఖాళీగానే ఉంచాను. వంటగదిలో నా గొంతు చాలట ఆవిడకు.

ఇక అసలు విషయం.

మీ అమ్మ సంగతి నీకు కొత్తగా చెప్పాలా? టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని ఊళ్ళో సగం మందిని గొంతుతోనే గుర్తుపట్టిన మనిషి. కంటి నరాలు ఎండిపోయి చూపు పూర్తిగా పోయినప్పుడు కూడా ఒక్కసారే ఏడ్చింది. ఆ తర్వాత, "పోనివ్వండి, నా జీతం తెచ్చింది చెవులు. అవి ఉన్నాయి" అంది. అప్పటి నుంచీ మా ఇద్దరికీ ఒక ఏర్పాటు. టీవీ ముందు ఆవిడ వింటుంది, నేను చూసి చెబుతాను. తలుపు తీసింది, ఉత్తరం చించాడు, ముసలాయన తల తిప్పుకున్నాడు. ఇలా. నా కుడి చెవి చిన్నప్పుడే మొద్దుబారిపోయింది కాబట్టి చప్పుడు ఏ పక్కనుంచి వచ్చినా నాకొకటే. కళ్ళు ఎటు చూపిస్తే అటునుంచే వచ్చిందనుకుంటాను. ఆవిడకు నా కళ్ళు, నాకు ఆవిడ చెవులు. అలా సరిపోయింది.

నీ సెట్టు బిగించాక మొదటి సాయంత్రం ఒక సినిమా పెట్టాం. స్టేషనులోకి రైలు వచ్చింది. మీ అమ్మ కుర్చీలో నిటారుగా అయి, "అబ్బ! కుడి నుంచి వచ్చింది కదూ రైలు?" అంది పసిపిల్లలా.

"కుడి కాదే, ఎడమ నుంచి" అన్నాను.

"కుడి నుంచే. నా భుజం పక్కనుంచి పోయింది."

"నేను చూస్తున్నాను కదే, ఎడమ నుంచి వచ్చి కుడికి పోయింది."

తర్వాత కారు పోయింది, ఎవరో మెట్లు దిగారు, ఒక పిల్ల బంతి విసిరింది. ప్రతిదీ ఆవిడకు తిరగబడే వినిపించింది. కళ్ళు పోయాయి, ఇప్పుడు చెవులు కూడా బయల్దేరాయా? అవీ పోతే ఈ మనిషికి లోకం ఏ కిటికీలోంచి వస్తుంది? నేను ఎంత గట్టిగా చెప్పినా చేరని చోటికి వెళ్ళిపోతుందా?

పోయిన ఉత్తరంలో నీకు ఇదంతా రాయలేదు. సెట్టు బాగుంది, అంతా బాగుంది అని రాశాను. నువ్వేమో, నాన్నా నీ అక్షరాలు వంకరపోయాయేమిటని అడిగావు. బోర్డులు రాసి బతికిన వాడి అక్షరం వంకరపోయిందంటే ఏదో ఉందని నీకు తెలుసు.

తర్వాత కొన్నాళ్ళు వాదించాను. వాదించిన కొద్దీ మీ అమ్మ ముఖం చిన్నబోయేది. చివరికి నాలో నేను అనుకున్నాను, సరిచెయ్యలేని దాన్ని ఎందుకు పొడవడం, ఆవిడకు ఎలా వినిపిస్తే అలాగే చెబుదాం అని. నాకు ఎడమ కనిపిస్తే కుడి అనాలి, కుడి కనిపిస్తే ఎడమ అనాలి. అంతే కదా. ఆ సాయంత్రం తెరమీద ఎడమ నుంచి గుర్రబ్బండి వచ్చింది. నేను సంతోషం నటిస్తూ "అదిగో, కుడి నుంచి బండి!" అన్నాను.

సరిగ్గా అదే క్షణంలో మీ అమ్మ "ఎడమ నుంచి బండి!" అంది.

బండి వెళ్ళిపోయింది. నిన్నటిదాకా తిరగబడి వినిపించిన చెవికి ఇవాళ తిన్నగా వినిపించిందా? రోజుకో రకంగా మారుతోందంటే అది మరీ చెడ్డ రోగం కాదా? నేను రిమోటు పక్కన పెట్టి, "రేపు ఒకసారి చెవుల డాక్టరు దగ్గరికి వెళదామా?" అన్నాను, కూరల దుకాణానికి వెళదామా అన్నంత తేలిగ్గా.

మీ అమ్మ, "వస్తాను. కానీ ఆ తర్వాత మీరు నాతో కళ్ళ డాక్టరు దగ్గరికి రావాలి" అంది.

"నా కళ్ళకేం?"

"నా చెవులకేం?"

సరేనన్నాను.

చెవుల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట మెత్తన. బయటి చప్పుడు చొరబడని ఒక గాజు గదిలో మీ అమ్మను కూర్చోబెట్టి హెడ్‌ఫోను పెట్టింది. అది తలమీద పడగానే మీ అమ్మ వీపు నిటారైంది. "నంబరు చెప్పండి" అంది! డాక్టరమ్మ పగలబడి నవ్వింది. ఏ చెవిలో చప్పుడు వినిపిస్తే ఆ చెయ్యి ఎత్తాలి, అదీ పరీక్ష. నన్ను గాజుకు ఇవతల డాక్టరమ్మ పక్కన కూర్చోనిచ్చారు. ఆవిడ ఏ వైపు చప్పుడు పంపితే మిషను మీద ఆ వైపు దీపం వెలుగుతుంది.

ఎడమ దీపం వెలిగింది. మీ అమ్మ చెయ్యి లేచింది. నా కుడి పక్కన లేచింది.

కుడి దీపం వెలిగింది, చెయ్యి ఎడమ పక్కన లేచింది. డాక్టరమ్మ మాత్రం తృప్తిగా తల ఆడిస్తోంది. నేనిక ఉండబట్టలేక అడిగాను.

"అమ్మా, నిజం చెప్పండి. అన్నీ తిరగేసే చెబుతోంది కదూ?"

"లేదే, అన్నీ కరెక్టుగా చెబుతున్నారు."

"ఎడమ అంటే కుడి చెయ్యి ఎత్తుతోంది కదమ్మా!"

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "పెద్దాయనా, ఆవిడ మనకు ఎదురుగా కూర్చున్నారు. మీ కుడి పక్కన ఉన్నది ఆవిడ ఎడమ చెయ్యే."

తల్లీ, అద్దానికి ఇవతల కూర్చుని ఆ మాట విన్నాను. జీవితమంతా దుకాణాల అద్దాలకు లోపలి వైపున నిలబడి, వీధిలోంచి తిన్నగా కనబడేలా అక్షరాలు తిరగేసి రాసిన వాణ్ణి నేను. ఎదుటివాడి ఎడమ ఏదో, నా ఎడమ ఏదో నాకొకరు చెప్పాలా? సిగ్గుతో తల దించుకున్నాను. దించుకున్న తలలోకి నీ ఉత్తరంలో ఒక వాక్యం వచ్చి నిలబడింది.

ఇప్పుడు నువ్వు అడిగిన చివరి ప్రశ్నకు వస్తున్నాను. "ఎడమ, కుడి స్పీకర్లు నేను రాసినట్టే కలిపావా నాన్నా?" అని మళ్ళీ అడిగావు. మొదటి ఉత్తరంలో నువ్వు ఎంత శ్రద్ధగా రాశావు! నాన్నా, నువ్వు పెట్టె వెనక, గదివైపు తిరిగి కూర్చుని బిగిస్తావు కాబట్టి నీ కుడి చేతి వైపున్నదే ఎడమ స్పీకరు, అని. అంటే నా కోసం నువ్వే తిప్పి ఇచ్చావు. నేనేం చేశానో తెలుసా? దుకాణంవాళ్ళు ఎప్పుడైనా సాయం చేద్దామని అక్షరాలు వాళ్ళే తిరగేసి ఇస్తే నాకు ఒళ్ళు మండేది. తిప్పేది నా పని. పిల్లకు ఓడ తెలుసు, వెనక నిలబడి చేసే పని నాకు తెలుసు అనుకుని, నువ్వు తిప్పినదాన్ని మళ్ళీ తిప్పాను. ముందువి రెండూ, వెనకవి రెండూ కూడా ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ వెళ్ళిపోయాయి. అలా కలిపి, నువ్వు రాసినట్టే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపానని నీకు ఉత్తరం రాశాను. అది అబద్ధం తల్లీ. దాన్ని ఒప్పుకోవడానికే ఇంత దూరం వచ్చాను.

డాక్టరమ్మ మీ అమ్మతో, "ఈ వయసులో ఇలాంటి చెవులు నేను చూడలేదు. గోడ అవతల చీమ నడిచినా మీకు తెలుస్తుంది" అంది. నాకు అక్కడే గంతెయ్యాలనిపించింది. బయటికి రాగానే మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పదండి, ఇక కళ్ళ డాక్టరు" అంది.

"అక్కర్లేదు. ముందు ఇంటికి పద."

"మాట తప్పుతున్నారా?"

"ఇంటికి వెళ్ళాక కూడా నీకు కావాలనిపిస్తే నా కళ్ళు పీకి మరీ చూపిస్తాను, పద."

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా సెట్టు వెలిగించాను. ఒక్కో స్పీకరు పేరూ తెర మీద చూపించి బుస్సుమనిపించే పరీక్ష ఉంది కదా, అది పెట్టాను. అప్పట్లో మైకు పరీక్ష జరుగుతుంటే మేం వరండాలో ఉన్నాం కాబట్టి ఏ పేరుకు ఏది పలికిందో చూడనే లేదు. మీ అమ్మ తడుముకుంటూ వెళ్ళి కుడి పక్కనున్న స్పీకరు గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది.

"వణుకుతోంది. తెర మీద ఏమని ఉంది?"

"ఎడమ అని."

"నా చెయ్యి ఎక్కడుంది?"

"కుడి దాని మీద."

మీ అమ్మ చెయ్యి తియ్యలేదు. ఆ బుస్సు ఎడమ పక్కకు మారేదాకా అలాగే ఉంది. తర్వాత మెల్లగా నేలమీద చతికిలబడి, "అయితే మీ కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అంది.

అప్పుడు బయటపడింది అసలు భాగోతం. మొదటి రైలు నాటి నుంచీ ఆవిడ భయపడింది నా కళ్ళ గురించి! తన కళ్ళు పోయిన దారిలోనే నావీ బయల్దేరాయనీ, ఎడమ కుడి తేడా తెలియడం లేదనీ, తన లోకమంతా చూసి చెప్పే నాకే చూపు పోతే నేను ఎలా తట్టుకుంటాననీ ఆవిడ దిగులు. నన్ను బాధపెట్టడం ఎందుకని, నేను ఎలా చూస్తే అలాగే వినిపించినట్టు చెబుదామని నిర్ణయించుకుందట. ఎప్పటినుంచి అనుకున్నావు? గుర్రబ్బండి వచ్చిన సాయంత్రం నుంచి!

"అంటే నీకు కుడి నుంచే వినిపించిందా ఆ బండి?" అన్నాను.

"కుడి నుంచే. మీకు ఎడమ నుంచే కనిపించిందా?"

"ఎడమ నుంచే."

నేను ఆవిడ కోసం, ఆవిడ నా కోసం, ఒకేసారి అబద్ధమాడి, ఇద్దరం ఒకరినొకరు హడలగొట్టుకున్నాం. నవ్వి నవ్వి నాకు దగ్గు వచ్చింది. ఏమైందోనని డ్రైవరు పైకి వచ్చాడు. నేలమీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న మా ఇద్దర్నీ చూసి, "మళ్ళీ వాన పడిందా?" అని వెళ్ళిపోయాడు.

వైర్లు మార్చాను తల్లీ. ఈసారి నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించి, ఆవిడ "ఊ" అన్నాకే ఒక్కో వైరూ బిగించాను. నాలుగు మార్పులూ అయ్యాక మొదటి రోజు సినిమానే మళ్ళీ పెట్టాం. స్టేషను వచ్చింది. నేను నోరు బిగించుకుని కూర్చున్నాను. ఇక నేను చెప్పాల్సిందేముంది? నీ సెట్టు ఆవిడకు అన్నీ సరిగ్గా చెబుతోంది. రైలు ఎడమ నుంచి వచ్చి కుడికి వెళ్ళిపోయింది. మీ అమ్మ తల కూడా దాంతోపాటే ఎడమ నుంచి కుడికి తిరిగింది. అది చూస్తుంటే నాకు ఏదో బరువు దిగినట్టూ ఉంది, ఉద్యోగం ఊడినట్టూ ఉంది.

మీ అమ్మ ఇటు తిరిగి, "ఏం, మాట్లాడరేం?" అంది.

"నీకు వినిపించింది కదా."

"వినిపించింది. అయినా చెప్పండి."

చెప్పాను. ఎడమ నుంచి వచ్చిందనీ, నల్లటి రైలనీ, పొగ వెనక్కి పోతోందనీ, కిటికీలో ఎవరో చెయ్యి ఊపుతున్నారనీ అన్నీ చెప్పాను.

ఇట్లు,
ఇకమీదట నువ్వు తిప్పి ఇచ్చినదాన్ని మళ్ళీ తిప్పనని మీ అమ్మ ముందు మాట ఇచ్చిన,
మీ నాన్న.